ఇంటిపేరు రాబందు.. చుట్టరికం గద్దతో!

రాబందుకు దగ్గరి చుట్టం ఎవరు? రెండు ఆప్షన్లు ఇస్తాను. ఒకటి, అమెరికా ఖండాల్లో తిరిగే టర్కీ వల్చర్. బోడి తల, వంకర ముక్కు, చచ్చిన జంతువే తిండి. అచ్చం మన రాబందు తీరే. రెండోది, మన డాబాల మీద చక్కర్లు కొట్టే గద్ద. తల నిండా ఈకలు, సందు దొరికితే కోడిపిల్లను ఎత్తుకుపోయే రకం. మీరు దేనికి టిక్ పెడతారు?

మా గోదావరిఖనిలో నేను ఎవరిని అడిగినా మొదటిదానికే ఓటేశారు. పేరులోనే వల్చర్ ఉంది కదా అన్నారు. కానీ జవాబు గద్ద. అమెరికా రాబందు మనదానికి వేలు విడిచిన చుట్టం. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, జీవుల లోకంలో కూడా ఇంటిపేరు చూసి చుట్టరికం కలిపితే దెబ్బతింటాం.

ఇదేదో క్విజ్ పోటీ ప్రశ్న అనుకోకండి. ఏ పక్షి ఏ పక్షికి బంధువో తెలియడం మీద వేల ప్రాణాలు ఆధారపడ్డాయి. అందులో మనకు దగ్గరివీ ఉన్నాయి. ప్రాణహిత వైపు అడవుల్లో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ దగ్గర పాలరాపు గుట్ట ఉంది. నిట్టనిలువు రాతిగోడ మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో గుర్తించారు. వాటి కథ చెప్పాలంటే ముందు మన కాళ్ల కింది బొగ్గు సంగతి చెప్పాలి.

బొగ్గులో ఆకు ఉంది, అక్షరం లేదు

రామగుండం బొగ్గు ఒకప్పటి అడవి. 25 కోట్ల ఏళ్ల కంటే వెనకటిది. బొగ్గు పొరల మధ్య వచ్చే రాయిని చీలిస్తే కొన్నిసార్లు నాలుక ఆకారంలో ఆకు అచ్చు కనిపిస్తుంది. దాని పేరు గ్లోసోప్టెరిస్. ఇదే ఆకు అచ్చు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో, చివరికి మంచు ఖండం అంటార్కిటికాలో కూడా దొరికింది. ఈ నేలలన్నీ ఒకప్పుడు అతుక్కుని ఉండేవని చెప్పిన సాక్ష్యాల్లో ఈ ఆకు ఒకటి. ఆ పాత మహాఖండానికి పెట్టిన పేరు గోండ్వానా. అంటే మన గోండుల నేల పేరు. ప్రపంచంలో ఎక్కడ జియాలజీ చదివేవాడైనా ఆ పేరు పలకాల్సిందే.

చాలాకాలం శాస్త్రవేత్తలు జీవుల బంధుత్వాన్ని ఇలాగే, ఆకారం చూసి తేల్చారు. ఆకు ఈనెలు, ఎముకల కీళ్లు, తోకలో ఈకల లెక్క. చాలాసార్లు అది పనికొచ్చింది. కానీ ఆకారం అప్పుడప్పుడూ అబద్ధం చెబుతుంది. ఒకే పని చేసేవాళ్ల యూనిఫాం ఒకేలా ఉంటుంది. గనిలోకి దిగేవాళ్లంతా హెల్మెట్, క్యాప్ ల్యాంపు, బూట్లు వేసుకుంటారు. అంతమాత్రాన అందరూ అన్నదమ్ములు కాదు. కళేబరంలో తల దూర్చి తినే పక్షికి తల మీద ఈకలుంటే నెత్తురు అంటి చీదర. అందుకే ఇక్కడి రాబందుకూ, అక్కడి రాబందుకూ వేర్వేరుగానే తల బోడి అయింది. అది బతుకుతెరువు తెచ్చిన పోలిక, రక్తసంబంధం కాదు.

మరి రక్తసంబంధం ఎక్కడ రాసి ఉంటుంది? డీఎన్‌ఏలో. బొగ్గులోని ఆకును ఎంత గీకినా ఆ రాత దొరకదు. డీఎన్‌ఏ కాలంతోపాటు ముక్కలై పోతుంది. ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్‌ఏ గ్రీన్‌లాండ్ మట్టిలో దొరికింది, దాని వయసు సుమారు 20 లక్షల ఏళ్లు. 25 కోట్ల ముందు అది నిన్నటి మాట. కాబట్టి ఆ రాత చదవాలంటే బతికున్న జీవి దగ్గరకు పోవాలి. లేదంటే మ్యూజియంలో దాచిన చర్మమో, ఈకో కావాలి.

ఫార్వర్డ్ బటన్ లేని వాట్సాప్

డీఎన్‌ఏ అంటే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడవాటి మెసేజ్. ఎ, టి, జి, సి. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు, వాళ్ల నుంచి వాళ్ల పిల్లలకు కాపీ అవుతూ వస్తుంది. కాపీలో అప్పుడప్పుడూ ఒక అక్షరం తప్పుతుంది.

వాట్సాప్‌లో ఫార్వర్డ్ బటన్ లేదనుకోండి. వచ్చిన మెసేజ్‌ను ప్రతివాడూ చూసి మళ్లీ టైప్ చేయాలి. 'ఆదివారం మ్యాచ్, ఏడు గంటలకు గ్రౌండ్‌కు రండి' అని ఒకడు పంపాడు. నాలుగు రోజుల తర్వాత నాలుగు గ్రూపుల్లో చూస్తే ఇలా ఉంది. కాలనీ గ్రూపులో 'గ్రౌండ్' కాస్తా 'గ్రాండ్' అయింది. కాలేజీ గ్రూపులోనూ 'గ్రాండ్' అనే ఉంది, పైగా 'ఏడు' పోయి 'ఏదు' వచ్చింది. జిమ్ గ్రూపులో 'గ్రౌండ్' బాగానే ఉంది గానీ 'మ్యాచ్' మాత్రం 'మాచ్' అయింది. చుట్టాల గ్రూపులో అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోయిందో మీరే చెప్పేయొచ్చు. కాలనీ, కాలేజీ గ్రూపులకు మెసేజ్ ఒకే దారిలో వచ్చింది, ఎందుకంటే ఇద్దరి దగ్గరా ఒకే తప్పు ఉంది. ఆ తర్వాత కాలేజీ దారిలో ఇంకో తప్పు చేరింది. జిమ్ గ్రూపుది వేరే కొమ్మ. ఎవరినీ అడగలేదు, ఫోన్లు చెక్ చేయలేదు, ఉమ్మడి తప్పులను బట్టి వంశవృక్షం గీసేశాం.

జీవుల బంధుత్వం తేల్చే పని కూడా ముఖ్యంగా ఇదే. ఒకే జీన్‌ను అన్ని జాతుల్లోంచి తీసుకుని, అక్షరం కింద అక్షరం పేర్చి, ఎవరు ఏ మార్పును పంచుకున్నారో కంప్యూటర్‌తో లెక్కిస్తారు. ఇందుకు బాగా వాడిన జీన్ సైటోక్రోమ్ బి. పక్షుల్లో దాని పొడవు సుమారు 1,140 అక్షరాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. సంబంధం లేని ఇద్దరు కూడా ఒకే స్పెల్లింగ్ తప్పు చేయొచ్చు. అందుకే ఒక్క జీన్ మీద ఆధారపడితే ఒక్కోసారి పప్పులో కాలేస్తాం. అమెరికా రాబందుల విషయంలో అదే జరిగింది. 1990ల్లో డీఎన్‌ఏ పోలికలు చూసే అవి స్టార్క్ కొంగల బంధువులని చాలామంది నమ్మారు. తర్వాత ఇంకా ఎక్కువ అక్షరాలు చదివారు. 2014లో 48 జాతుల పక్షుల పూర్తి జీనోములను పోల్చి 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఒక్కో పక్షిలో వంద కోట్లకు పైగా అక్షరాలు. అప్పుడు తేలింది ఏంటంటే, అమెరికా రాబందులు కొంగల వైపు కాదు, గద్దల వైపే. కాకపోతే ఆ కొమ్మ చాలా ముందే విడిపోయింది. అవి వేరు కాపురం పెట్టాక మిగిలిన ఇంట్లో గద్దలు, గరుడ పక్షులు, మన రాబందులు పుట్టాయి. అదే పరిశోధనలో ఇంకో తమాషా కూడా గట్టిపడింది. గద్దలాగే కనిపించే ఫాల్కన్‌కు గద్ద కంటే చిలుక దగ్గరి చుట్టం!

అక్షరాలు ఎవరు ముందు విడిపోయారో, ఎంత తేడా వచ్చిందో చెబుతాయి. ఎన్ని ఏళ్ల కింద అన్నది వాటంతట అవే చెప్పలేవు. దానికి వయసు తెలిసిన శిలాజం కావాలి. అంటే ప్రయోగశాలలో చదివే రాతకు తేదీ వేయాలంటే మళ్లీ రాళ్లలోని అచ్చుల దగ్గరకే రావాలి.

చుట్టం ఎవరో తెలిస్తేనే మందు దొరికింది

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. 1990ల దాకా పశువు చస్తే ఊరవతల పడేసేవాళ్లు. రాబందుల గుంపు దిగితే గంటల్లో ఎముకలే మిగిలేవి. తర్వాత ఆ గుంపులు మాయమైపోయాయి. 1992 నుంచి 2007 మధ్య దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గాయి. అంటే వెయ్యి ఉన్నచోట ఒక్కటి మిగిలింది. పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులు కలిపి దాదాపు 97 శాతం పోయాయి.

కారణం 2004లో 'నేచర్' పత్రికలో బయటపడింది. పశువులకు నొప్పికి, జ్వరానికి వేసే డైక్లోఫెనాక్. మందు పడిన పశువు త్వరలోనే చస్తే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు దెబ్బతింటాయి. యూరిక్ యాసిడ్ బయటికి పోక లోపలి అవయవాల మీద తెల్లగా పేరుకుంటుంది. రోజుల్లో పక్షి చచ్చిపోతుంది. అన్ని పశువుల్లోనూ మందు ఉండక్కర్లేదు. నూటికి ఒక్క కళేబరం కంటే తక్కువలో ఉన్నా చాలు, జాతి మొత్తం కూలిపోతుందని లెక్కలు చెప్పాయి.

రాబందులు పోతే ఏమైంది? కళేబరాలు కుళ్లాయి, ఊరకుక్కలు పెరిగాయి, నీళ్లు చెడిపోయాయి. 2000 నుంచి 2005 దాకా దీనివల్ల దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధనలో అంచనా వేశారు. పక్షుల గోల మనకెందుకు అనేవాళ్లు ఈ అంకె మరోసారి చదవండి.

డైక్లోఫెనాక్‌ను ఆపాలంటే రైతు చేతికి బదులు మందు ఇవ్వాలి. మెలోక్సికామ్ అనే మందు ఉంది. అది రాబందులకు సురక్షితమేనా? పరీక్షించాలి. కానీ దేని మీద? వేలల్లోకి పడిపోయిన మన రాబందుల మీదే ప్రయోగం చేసి, అది వికటిస్తే?

ఇక్కడే చుట్టరికం అక్కరకొచ్చింది. మన తెల్లవీపు, పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులు జిప్స్ అనే ఇంటివి. ఆ ఇంట్లో మొత్తం ఎనిమిది జాతులున్నాయి. ఆఫ్రికాలోని తెల్లవీపు రాబందు కూడా ఆ ఎనిమిదిలో ఒకటి, అప్పట్లో దాని సంఖ్య మనవాటిలా పడిపోలేదు. ముందుగా దాని మీద మెలోక్సికామ్ పరీక్షించారు. ఏమీ కాలేదు. ఆ ధైర్యంతోనే మన జాతులకు ఇచ్చి చూశారు. వాటికీ ఏమీ కాలేదు. 2006 మొదట్లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది భారత ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించింది.

జిప్స్ ఇంటి బంధుత్వం గట్టిదేనా అన్న ప్రశ్నకు కూడా 2006లోనే జవాబొచ్చింది. జెఫ్ జాన్సన్, ఆయన సహచరులు సైటోక్రోమ్ బి తోపాటు మరికొన్ని డీఎన్‌ఏ భాగాలు చదివి, ఈ ఎనిమిదీ ఒకే తల్లి పిల్లలని, జీవపరిణామం లెక్కలో ఈమధ్యే గబగబా విడిపోయాయని చూపించారు. కొత్తగా విడిపోయిన అన్నదమ్ములు కాబట్టే ఒకరికి విషమైంది ఇంకొకరికీ విషమయ్యే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మళ్లండి. బోడి తల చూసి అమెరికా టర్కీ వల్చర్ మీద మందులు పరీక్షించి ఉంటే? 2008లో నిజంగానే వాటికి డైక్లోఫెనాక్ ఇచ్చి చూశారు. జిప్స్ రాబందులను చంపే మోతాదుకు వంద రెట్లు మించి ఇచ్చినా అవి తట్టుకున్నాయి. అంటే, ముఖం చూసి చుట్టాన్ని ఎంచుకుని ఉంటే డైక్లోఫెనాక్ కూడా 'సేఫ్' అని రిపోర్టు వచ్చేది. మరోవైపు 2014లో రాజస్థాన్‌లో చనిపోయిన స్టెప్ ఈగిల్ అనే గరుడ పక్షుల్లో అదే డైక్లోఫెనాక్, అదే కిడ్నీ జబ్బు కనిపించాయని ప్రచురించారు. తల నిండా ఈకలున్న ఆ పక్షే మన రాబందుకు అసలైన దగ్గరి చుట్టం. బంధుత్వం తెలిస్తే అంతా తెలిసినట్టు కాదు, పరీక్ష చేయాల్సిందే. కానీ ఎవరి మీద పరీక్షించాలో, ఎవరి గురించి ముందుగా భయపడాలో అది చెబుతుంది.

ఒకటనుకున్నది రెండైతే

పాలరాపు గుట్ట మీది పక్షి విషయంలో అక్షరాలు మరో పని కూడా చేశాయి. చాలాకాలం పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులను ఒకే జాతిగా లెక్కేశారు. ఒకటి మన దక్కన్ వైపు రాతి గుట్టల మీద గూడు కడుతుంది, రెండోది హిమాలయాల దిగువన, అస్సాం వైపు చెట్ల మీద కడుతుంది. 2001లో పమేలా రాస్ముసెన్, సైమన్ ప్యారీ శరీర నిర్మాణం చూసి ఇవి రెండు జాతులన్నారు. 2006 నాటి డీఎన్‌ఏ పరిశోధన దాన్ని బలపరిచింది.

పేరు మారితే ఏమవుతుంది అంటారా? లెక్క మారుతుంది. 2012లో వచ్చిన సర్వే ఫలితాల ప్రకారం దేశంలో పొడుగు ముక్కువి సుమారు 12 వేలు, సన్న ముక్కువి సుమారు వెయ్యే. కలిపి చూస్తే 13 వేలు. పర్వాలేదులే అనుకుంటాం. విడదీసి చూస్తే ఒక జాతి అంచుకు చేరిందని తెలుస్తుంది. ఉమ్మడి రేషన్ కార్డులో కనపడని ఆకలి, కార్డు వేరు చేస్తే కనపడినట్టు.

ఈ చదువుకు హైదరాబాద్ కూడా పెద్ద అడ్డానే. సీసీఎంబీలో లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ కలిసి ఒక కిట్టుకు పునాది వేశారు. అదే సైటోక్రోమ్ బి జీన్‌లో 472 అక్షరాల ముక్కను దాదాపు ఏ జంతువు నుంచైనా బయటికి తీసే 'యూనివర్సల్ ప్రైమర్లు' అవి. 2003లో ప్రచురించారు. అడవిలో పట్టుబడ్డ మాంసం ముక్క దుప్పిదా, మేకదా? 'మేకదే సార్' అని నిందితుడు ఎంత బుకాయించినా, ఆ 472 అక్షరాలు ఎవరి ఇంటివో చెప్పేస్తాయి. అత్తాపూర్‌లోని సీసీఎంబీ అనుబంధ ప్రయోగశాల లాకోన్స్ చేసే పనుల్లో ఇదొకటి. రాబందుల్లో ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి. జత కట్టించి పిల్లల్ని పెంచాలనుకునే కేంద్రాలకు అదో తలనొప్పి. దాన్ని పీసీఆర్ టెస్టుతో తేల్చే పద్ధతిని సీసీఎంబీ శాస్త్రవేత్త శివాజీ బృందం 2007లో ప్రచురించింది.

మన చేతిలో ఉన్నదేంటి

బొగ్గు పోతే అది మళ్లీ రాదని సింగరేణి ఇళ్లలో అందరికీ తెలుసు. రాబందు కూడా అంతే. ఒక జాతి పోయిందంటే కోట్ల ఏళ్లుగా చేతులు మారుతూ వచ్చిన ఒక మెసేజ్ చివరి కాపీ డిలీట్ అయినట్టే. బొగ్గు కనీసం ఆకు అచ్చునైనా మిగిల్చింది.

డైక్లోఫెనాక్ నిషేధం ఉన్నా కథ ముగియలేదు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో ఇంజెక్షన్ సీసా సైజును 3 మిల్లీలీటర్లకు కుదించారు. తర్వాత ఎసిక్లోఫెనాక్ వచ్చింది. పేరు వేరు, పశువు ఒంట్లోకి వెళ్లాక అది డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ, కీటోప్రోఫెన్‌నూ 2023లో పశువులకు వాడకుండా నిషేధించారు. మనుషుల మెడికల్ షాపుల్లో మాత్రం డైక్లోఫెనాక్ దొరుకుతూనే ఉంటుంది. ఊళ్లో బర్రెకు జ్వరమొస్తే 'ఆ నొప్పి సూది వెయ్యి' అనేవాళ్లు ఉంటారు. రాబందు బతుకు ఆ నిమిషంలోనే తేలుతుంది.

కాబట్టి మంథనిలోనో, చెన్నూరులోనో, సిర్పూరులోనో మీ అమ్మమ్మ ఇంట్లో బర్రెలుంటే, ఈసారి పశువుల డాక్టర్‌ను ఒక్క మాట అడగండి. "సార్, మెలోక్సికామ్ రాస్తారా?" షాపులో వేరే సీసా చేతికొస్తే పేరు చదవండి. చివర 'ఫెనాక్' అని ఉంటే వెనక్కి ఇచ్చేయండి. ఆ మందులు పడిన పశువు చస్తే బయట పడేయకుండా పూడ్చిపెట్టమని పెద్దవాళ్లకు చెప్పండి. డీఎన్‌ఏ చదివే పని సీసీఎంబీ వాళ్లు చూసుకుంటారు. సీసా మీద పేరు చదివే పని మనది.